కల్లు వాసన వేసిన గొర్రె

పశువైద్యంలో కొత్తగా చేరే పిల్లలు ఎవరు కలిసినా మొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని కాన్పులు చేశారు సార్?" నేను లెక్క రాసుకోలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తిరిగినన్నాళ్లూ బర్రెలు, ఆవులు, గొర్రెలు, మేకలు, ఒకసారి ఒక గాడిద కూడా నా చేతి మీదుగా ఈనాయి. సులువుగా ఈనినవి నాకు గుర్తు లేవు. సులువుగా ఈనే పశువు దగ్గరికి డాక్టరును ఎవరూ పిలవరు. కష్టమైనవే గుర్తున్నాయి. అందులోనూ నేను తప్పు చేసినవి మరీ బాగా గుర్తున్నాయి.

ఉద్యోగంలో ఎప్పుడు ఏ మెట్టెక్కానో, ఏ కాగితం ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయడం లేదు. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. ఎక్కువగా ఒక గొర్రె గురించి రాస్తాను. దాని వల్ల ఒకామె మంద పోయేదాకా వచ్చింది. కారణం గొర్రె కాదు, దాన్ని చూసి నేను అన్న ఒక మాట.

చేతిపని

కష్ట కాన్పు అంటే చేతిపని అని కాలేజీ నుంచి బయటికి వచ్చేనాటికి నా నమ్మకం. దూడ తల వెనక్కి తిరిగిందా, కాలు మడత పడిందా, అడ్డంగా వచ్చిందా చూడాలి. గోళ్లు తీసుకుని, మోచేతి పైదాకా సబ్బు రాసుకుని, చేయి లోపలికి పెట్టి కళ్లు మూసుకోవాలి. మడత పడిన కాలును సాఫీ చేసేటప్పుడు గిట్టను అరచేతిలో దాచి పట్టుకోవాలి. లేకపోతే గిట్ట కొన తల్లి గర్భాన్ని చీలుస్తుంది. ఇదంతా నాకు తొందరగానే పట్టుబడింది. నా చేతులు సన్నవి, గొర్రెలకూ మేకలకూ బాగా పనికొచ్చాయి. మొదటి రెండేళ్లు కొంచెం పొగరుగానే తిరిగాను.

చేతికి అందని కష్టం ఇంకొకటి ఉంది. పిల్ల సరిగ్గానే ఉంటుంది, దారీ తెరుచుకునే ఉంటుంది, తల్లి మాత్రం నొప్పులు తీయదు. నొప్పి తీయడమంటే గర్భం కండ బిగుసుకోవడం. కండ బిగియాలంటే నెత్తుట్లో చక్కెర ఉండాలి, సున్నం ఉండాలి. అవి అడుగంటితే పిల్లను తోసే బలం ఎక్కడినుంచీ రాదు. ఇది నేను చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న సంగతే. దొడ్డిలో నిలబడ్డప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

కాలేజీకి పోకముందు ఏడాదిన్నర హైదరాబాదులో ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దాను. అక్కడ ఒక ముసలి సబ్ ఎడిటరు విలేఖరుల కాగితాల మీద ఎర్ర గీతలు కొడుతూ, "చూసింది ముందు రాయి. విన్నది చెప్పినవాడి పేరుతో రాయి. నువ్వు అనుకున్నది చివర రాయి, జాగా మిగిలితే" అనేవాడు. ఆ మాట నాకెంతో నచ్చింది. పశువుల దవాఖానలో కేసు పుస్తకం నా చేతికి వచ్చాక అదీ గుర్తుకు రాలేదు.

గోడకు తల ఆనించింది

మర్రిగూడ వైపు ఒక చిన్న ఊళ్లో దవాఖాన. రెండు గదులు, ఒక బీరువా, నేను, కాంపౌండరు రాములు. రాములు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఎవరి పశువు ఎప్పుడు చూలు కట్టిందో, ఎవరింట్లో ఎవరికి మాటల్లేవో అన్నీ తెలిసినవాడు.

ఆ ఏడు వానలు పట్టలేదు. ఎర్రచెలకల్లో గడ్డి మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. నందికొండ దగ్గర ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. మా దిక్కు మగవాళ్లు చాలామంది అక్కడికి కూలికి పోయారు. మామూలుగా కరువు వస్తే గొల్లలు మందలను హుజూర్‌నగర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతారు. కోతలైన మళ్లలో మేపు దొరుకుతుంది. ఇంట్లో మగమనిషి లేనివాళ్లకు అంత దూరం మందతో పోవడం సాగలేదు. వాళ్లు ఊళ్లోనే ఉండి, ఉన్న మేపుతో సరిపెట్టుకున్నారు.

యాదమ్మ అలా ఉండిపోయిన మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. భర్త లింగయ్య ఆనకట్ట దగ్గర రాళ్లు మోస్తున్నాడు. ఆమె కాసే మందలో సొంత గొర్రెలు ఏడెనిమిదే. మిగతా ఇరవై ఆమె బావ మల్లయ్యవి, అంటే లింగయ్య అన్నవి. మల్లయ్యకు వేరే మంద ఉంది, దాన్ని తానే కాసుకుంటాడు. తమ్ముడి ఇల్లు గడవాలని ఈ ఇరవై పాలుకిచ్చాడు. మేపేది వీళ్లు, పుట్టిన పిల్లల్లో సగం వీళ్లవి. ఆ ఇరవై వెనక్కి పోతే యాదమ్మకు మిగిలేది మంద అనిపించుకోదు.

ఒక పొద్దున ఆమె తన సొంత చూలు గొర్రెను మెడ చుట్టూ వేసుకుని, నాలుగు కాళ్లూ ముందు కలిపి పట్టుకుని దవాఖానకు వచ్చింది.

"సారూ, జర సూడున్రి. మొన్నటి సంది మందల కలుస్తలేదు. గోడకు తల ఆనిచ్చి నిలబడుతాంది. పండ్లు కొరుకుతాంది. కండ్లు కనవడుతున్నయో లేవో, ఎదురుంగ పోయినా జరుగుతలేదు."

"నెలలు నిండినయా?"

"నిండినయి. గీ వారంల ఈనాలె. రెండున్నట్టున్నయి, పొట్ట సూడున్రి."

నోరు చూద్దామని వంగాను. గుప్పున వాసన కొట్టింది. తియ్యగా, పుల్లగా, అచ్చం పులిసిన కల్లు వాసన.

ఆ దిక్కున పశువు డీలా పడితే వెదురు గొట్టంతో కల్లు పోయడం అలవాటు. పొట్ట ఉబ్బినా కల్లే, మేత ముట్టకపోయినా కల్లే. అంతకు నెల ముందే ఎవరో పోసిన కల్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఒక మేక నా ముందే ప్రాణం విడిచింది. ఆ కోపం నాలో ఇంకా ఉంది.

"కల్లు పోసినవా?"

"లేదు సారూ."

"నిజం చెప్పు."

"నా పిల్లల మీద ఒట్టు. పొయ్యలే."

రాములు బీరువా దగ్గరినుంచి అన్నాడు. "అందరు గంతే అంటరు సారూ. గొట్టం కడిగి దాసిపెట్టి వస్తరు. నాకైతె వాసన రాలే గని, మీరంటున్నరు గద."

విరేచనాల ఉప్పు నీళ్లలో కలిపి తాగించాను. రెండు రోజులు మేత పెట్టొద్దన్నాను. పుస్తకంలో ఇలా రాశాను: "యజమానురాలు కల్లు పట్టించింది. మత్తు. విరేచనాల మందు, రెండు రోజులు పస్తు."

"పస్తుంటె బతుకుతదా సారూ?"

"బతుకుతది. ఇకమీద కల్లు పొయ్యకు."

ఆమె గొర్రెను మళ్లీ భుజాల మీదికి ఎత్తుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు మల్లయ్య వచ్చాడు. పొడుగాటి మనిషి, గొంగడి మడిచి భుజాన వేసుకుని గడపలోనే నిలబడ్డాడు.

"గొర్రె సచ్చింది సారూ. కడుపుల రెండు పిల్లలతోని సచ్చింది. మా మరదలు దానికి కల్లు వోసిందని మీరన్నరట. నిజమేనా?"

"వాసన వచ్చింది."

"వాసనొస్తె పోసినట్టేనా?"

"వాసన దానంతట అదే రాదు కదా మల్లయ్యా."

ఆయన భుజం మీది గొంగడి సర్దుకున్నాడు. "తమ్ముడు ఊళ్లె లేడు. ఆమె తాగుడు షురూ జేసిందని నలుగురు అనుకుంటున్నరు. నేను నమ్మలే. డాక్టరు సాబే అన్నంక గిప్పుడేం జేస్త?" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం రాములు మిగతాది చెప్పాడు. వచ్చే సోమవారం కులపెద్దలు కూర్చుంటారు. మల్లయ్య తన ఇరవై గొర్రెలు వెనక్కి తోలుకుపోతానన్నాడు. యాదమ్మ తాగుతుందని, గొర్రెకు కూడా పోసిందని ఊరంతా అంటోంది. సాక్షిగా నా పేరే చెబుతోంది.

పెద్ద డాక్టరు సాబ్

బుధవారం మా జిల్లా అధికారి తనిఖీకి వచ్చాడు. ఆయన్ను పెద్ద డాక్టరు సాబ్ అనేవాళ్లం. నిజాం కాలంలో కొలువులో చేరిన మనిషి. ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాడు. నేను చూసిన పై అధికార్లలో చాలామంది ముందు బీరువా తెరిచి సీసాలు లెక్కపెట్టేవాళ్లు. ఈయన ముందు కేసు పుస్తకం తెరిచేవాడు. అందుకే ఆయనంటే ఎక్కువ భయం.

ఆ పేజీ దగ్గర వేలు ఆగింది.

"కల్లు పోయంగ నువ్వు చూసినవా?"

"లేదు సార్. వాసన వచ్చింది."

"గొట్టం చూసినవా? ముంత చూసినవా?"

"లేదు సార్."

"మరి గిట్లెందుకు రాసినవ్ భాయ్? నువ్వు డాక్టరువా, పోలీస్ పటేల్‌వా?"

రాములు నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగాడు. ఆయన రాములునూ వదల్లేదు.

"రాములూ, నీకు వాసన వచ్చిందా?"

"లేదు సాబ్."

"నాకు గూడ రాదు. గా వాసన కొన్ని ముక్కులకు అందనే అందది. కడుపుల ఎన్ని పిల్లలు?"

"రెండు సార్."

"మేత?"

"కరువు కదా సార్."

"గోడకు తల పెట్టిందా? పండ్లు కొరికిందా?"

"అవును సార్."

"నువ్వేం జెప్పినవ్?"

"పస్తు."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు. "ఆకలితోని సచ్చేదానికి ఆకలే మందు రాసినవ్" అన్నాడు.

ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని పాఠం చెప్పాడు. అది ఇప్పటికీ నాకు మాట పోకుండా గుర్తుంది. కడుపులో రెండు పిల్లలు చివరి నెలలో గబగబా పెరుగుతాయి. వాటికి కావలసిన చక్కెర తల్లి నెత్తుట్లోంచి లాక్కుంటాయి. తల్లికి మేత చాలకపోతే ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించుకుంటుంది. చక్కెర లేకుండా కొవ్వు ఒక్కటే కరిగితే పచ్చికట్టె మండినట్టు ఉంటుంది, మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగలాంటి సరుకు నెత్తుట్లో, ఉచ్చలో, ఊపిరిలో పేరుకుంటుంది. దాని వాసనే పులిసిన తీపిలా ఉంటుంది. మెదడుకు చక్కెర అందక చూపు మందగిస్తుంది, తల గోడకు ఆనుతుంది. ఈనే వేళకు నొప్పి తీసే సత్తువ ఉండదు. గొర్రె తాగలేదు. దాని ఒంట్లోనే అది తయారైంది.

పోయేముందు సంచిలోంచి తెల్లటి పొడి ఉన్న సీసా, రెండు గాజు గొట్టాలు తీసి ఇచ్చాడు. కాస్త పొడి మీద ఉచ్చ చుక్కలు వేస్తే, ఆ సరుకు ఉన్నప్పుడు నేరేడు పండు రంగు వస్తుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది.

"ఇక నుంచి ఇదీ నీ ముక్కు" అన్నాడు.

పొద్దుమూకే దాక

మర్నాడు పొద్దున యాదమ్మ దవాఖాన ముందు నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"సారూ, ఇంకో గొర్రెకు గట్లనే అయితాంది. గిది మా బావ గొర్రె. నేను ఎత్తుకరాలే. ముట్టుకుంటె మల్ల కల్లు వోసిందంటరు. మీరే రాన్రి. వచ్చి కూసోన్రి. పొద్దుమూకే దాక కూసోన్రి. ఎవరు పోస్తరో మీ కండ్లతోని సూడున్రి."

గొంతులో కోపం లేదు. వ్యవహారం మాట్లాడినట్టు మాట్లాడింది. నేనూ రాములూ సంచి సర్దుకుని వెంట నడిచాము.

ముళ్లకంప దడి కట్టిన దొడ్డి. గొర్రె ఒక మూల తల వంచి నిలబడి ఉంది. అదే వాసన. ఉచ్చ పట్టాలి. గొర్రె ముక్కు రంధ్రాలు కాసేపు మూస్తే ఉచ్చ పోస్తుందని కాలేజీలో చెప్పారు. రాములు మూశాడు. గొర్రె మోకాలి మీద తన్నింది. ఇంకోసారి మూశాడు, ఇంకో మోకాలి మీద తన్నింది.

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముక్కు మూస్తె ఉచ్చ వోస్తదా సారూ? ఇదేం సదువు? దాన్ని జర పండనియ్యున్రి. పండిన గొర్రెను లేపితె మొదాలు జేసే పని గదే."

పడుకునేదాకా ఆగి, ఆమె అదిలిస్తే గొర్రె లేచింది, లేస్తూనే పోసింది. రాములు ముంత పట్టాడు. నాకు ఉద్యోగమంతా పనికొచ్చిన పద్ధతి అది. పొడి మీద నాలుగు చుక్కలు వేశాను. అంచుల నుంచి ఊదా రంగు పాకి, చూస్తుండగానే నేరేడు పండులా ముదిరింది.

"గిదేంది?"

"ఈ గొర్రె కల్లు తాగలేదు. ఆకలితో ఉంది."

"ఆకలా? గింత పొట్ట వెట్టుకొనా?" అంది. ఆ వెంటనే ఏదో తట్టినట్టు ఆగింది. "నెలలు నిండినవాటికి నేనే మేత తక్కువ వేస్తున్న సారూ. మా అత్త గట్లనే జేసేది. కడుపు నింపితె పిల్ల పెద్దదై అడ్డం వడ్తదనేది. ఉలవలు ఉన్నయి ఇంట్ల. ఈనినంక పెడ్దామని దాసిన."

ఆ మాట ఆ ప్రాంతంలో దాదాపు ప్రతి దొడ్డిలోనూ ఉంది. గడ్డి పుష్కలంగా దొరికిన ఏళ్లలో దానివల్ల పెద్దగా నష్టం కనిపించదు. గొర్రె ఎక్కడో ఒకచోట నోరు తిప్పుకుని కడుపు నింపుకుంటుంది. కరువు ఏట అదే అలవాటు ప్రాణం తీస్తుంది. జాగ్రత్త ఎంత ఎక్కువ ఉంటే కీడు అంత ఎక్కువ. యాదమ్మ అందరికంటే జాగ్రత్త గల మనిషి.

ఆమె నేల మీద కూలబడింది. "అయితె దాన్ని నేనే సంపుకున్ననా?"

"నువ్వు తక్కువ పెట్టావు. నేను అసలే లేకుండా చేశాను. ఆ రోజు దానికి మేత పెట్టమని ఉంటే బతికేదేమో. పస్తు పెట్టమన్నాను."

తిడుతుందనుకున్నాను. "గిప్పుడు దీనికేం జెయ్యాలె? గది జెప్పున్రి" అంది.

మెడ నరంలోకి గ్లూకోజు ఎక్కించాను. బెల్లం పానకం కొద్దికొద్దిగా పట్టాలన్నాను. వెదురు గొట్టం తెమ్మంటే ఇంట్లోకి పోయి, కొంగు కింద దాచుకుని తెచ్చింది. "గీ గొట్టం ఎవరన్న సూస్తె మల్ల నా పని అయిపాయె" అంటే రాములు, "నేనున్న గద సాచ్చెం" అన్నాడు. ఉలవలు ఉడకబెట్టి ఆ నీళ్లు పట్టింది. తుమ్మకాయలు దంచి నోటి ముందు పెట్టింది. నేను ఆమె చెప్పినట్టే పొద్దుమూకే దాక, అంటే చీకటి పడేదాకా, ఆ దడి పక్కనే కూర్చున్నాను. ఎవరూ కల్లు పోయలేదు. వాసన మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. ఎండ తగ్గే వేళకు గొర్రె ఒక తుమ్మకాయ నమిలింది.

రెండో రోజు పొద్దున ఉమ్మనీరు పోయింది. పిల్ల మాత్రం రాలేదు. గొర్రె పడుకుని మూలుగుతోంది, నొప్పి తీయడం లేదు. చేయి పెట్టి చూస్తే మొదటి పిల్ల తల వెనక్కి తిరిగి ఉంది. అది నాకు తెలిసిన పని. తల తిప్పి, మెల్లగా లాగాను. ఊపిరి లేదు. యాదమ్మ నా చేతిలోంచి లాక్కుని, ముక్కు తుడిచి, గడ్డిపరక ముక్కులో పెట్టి తిప్పింది. పిల్ల తుమ్మింది.

రెండోదాన్నీ లాగేద్దామా అనుకుని ఆగాను. నెత్తుట్లో సున్నం కూడా తగ్గి ఉంటుందనిపించి, కాల్షియం మందు గోరువెచ్చగా చేసి చర్మం కింద ఎక్కించి ఎదురుచూశాము. చల్లగా ఉన్న చెవులు వెచ్చబడ్డాయి. అరగంట తర్వాత గొర్రె తనంతట తానే కాళ్లు బిగించి నొప్పి తీసింది. రెండో పిల్ల నా చేయి లేకుండానే వచ్చింది. తల్లి లేచి నిలబడి దాన్ని నాకింది. అంతకుముందు ఎన్నో పిల్లలను నేను బయటికి లాగాను. ఒక తల్లికి బలమిచ్చి పక్కన నిలబడటం అదే మొదలు.

సోమవారం

కులపెద్దల దగ్గరికి బయలుదేరేముందు రాములు నన్ను ఆపాడు.

"సారూ, వాసన కాడ తప్పువడ్డనని జెప్పున్రి, సాలు. పస్తు ముచ్చట తియ్యకున్రి. డాక్టరే సంపిండంటె రేపటి సంది దవాఖానకు పిల్లి గూడ రాదు."

ఆ మాటలో నిజం ఉందనే నాకు తోచింది. పస్తు సంగతి చెప్పకూడదనుకునే వెళ్లాను.

కులపెద్ద సాయన్న ముసలివాడు, చెవులకు పోగులు, పక్కన కల్లు ముంత. అటూ ఇటూ ఐదారుగురు, ఎదురుగా మల్లయ్య. యాదమ్మ కాస్త దూరంగా నిలబడింది. గొర్రె ఒంట్లోనే ఆ వాసన పుడుతుందని చెప్పి, రెండో గొర్రె నుంచి పట్టి ఉంచిన ఉచ్చతో రంగు చూపించాను.

సాయన్న వంగి చూసి తల ఊపాడు. "మంచిగుంది సారూ. కల్లు వోసినా గిదే రంగు రాదని మాకేం ఎరుక?"

చాలా సరైన ప్రశ్న. యాదమ్మ అందుకుంది. "అయితె పోసి సూడున్రి పెద్దయ్యా. ఆడనే ఉన్నది గద ముంత."

"గొర్రెకెందుకు దండుగ? పొద్దటి సంది నేను తాగుతనే ఉన్న. నా ఉచ్చ సూడున్రి" అన్నాడు సాయన్న. అందరూ పడీ పడీ నవ్వారు. చివరికి మల్లయ్య పొట్టేలుకే పోశారు. సాయన్న ముంత సగమైనందుకు గొణుగుతూ కూర్చున్నాడు. పొట్టేలు నోరు గుప్పుమంటోంది. ఎండ ఎక్కేదాకా ఆగి ఉచ్చ పట్టాము. తెల్లగా వేసిన పొడి తెల్లగానే ఉంది.

యాదమ్మ మల్లయ్య దిక్కు తిరిగింది. "బావా, నీ సొంత మందల నెలలు నిండినవి రెండున్నయి గద. గవ్విట్ని గూడ సూపియ్యి."

"నా గొర్రెలకేం రోగం?" అన్నాడే గాని, మనిషిని పంపి రెంటినీ తోలించాడు. మొదటిదానికి రంగు రాలేదు. రెండోదానికి, చూడటానికి బాగానే ఉన్నదానికి, నేరేడు రంగు వచ్చింది.

యాదమ్మ అడిగింది. "మరి దీనికెవరు వోసిన్రు బావా? నేనైతె నీ దొడ్డి తొక్కలే."

మల్లయ్య గాజు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి చూశాడు. తర్వాత నా దిక్కు చూశాడు. "అయితె ముందుగాల సచ్చినదానికి గూడ గిదే గద రోగం. మొన్న మీరు సూసినది బతికె. అదెట్ల సచ్చె సారూ?"

రాములు నేల చూస్తున్నాడు. యాదమ్మకు జవాబు తెలుసు. చెప్పడం నాకే వదిలేసింది.

"నేను పస్తు పెట్టమన్నాను. అందుకే చచ్చింది. ఆమె కల్లు పోయలేదు. నేను చూడకుండా అన్నాను, చూడకుండా రాశాను. తప్పు నాది."

మల్లయ్య గొట్టాన్ని నా చేతికిచ్చాడు. "అయితె గిప్పుడు దీనికేం వెట్టాలె?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే యాదమ్మ చెప్పింది. "ఉలవలు ఉడుకవెట్టు బావా. బెల్లం నీళ్లు తాపు. కడుపు మాడ్సకు."

సాయన్న లేచి గొంగడి దులుపుకున్నాడు. "గొర్లు యాడున్నయో ఆడ్నే ఉంటయి. లెవ్వున్రి" అన్నాడు.

మర్నాడు దవాఖాన వసారాలో పిల్లి సంగతి దేవుడెరుగు, పదిమంది మనుషులు ముంతలతో, కొబ్బరి చిప్పలతో, సత్తు గిన్నెలతో కూర్చున్నారు. అన్నింట్లోనూ ఉచ్చే. రాములు వాకిట్లో నిలబడి, "సారూ, గింత మందికి మీ మీద నమ్మకముంటదని నాకు తెల్వది" అన్నాడు. ఆ ఏడు ఆ ఊళ్లో ఇంకొన్ని గొర్రెలు చచ్చాయి. అన్నింటినీ కాపాడానని చెప్పను. రంగు ముందే పట్టుకుని మేత మార్చినవి ఎక్కువ బతికాయి. ఈనడానికి నన్ను పిలవవలసిన పనీ తగ్గింది.

సున్నం సంగతి

మరుసటి ఏడు ఒక బర్రె. దూడ సరిగ్గా ఉంది, ముందుకాళ్లు కనిపిస్తున్నాయి, పొద్దుటినుంచి కదలిక లేదు. నలుగురు తాడు పట్టుకుని లాగడానికి సిద్ధంగా ఉన్నారు. మునుపైతే నేనూ తాడు పట్టేవాణ్ణి. చెవులు ముట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. మెడ ఒక పక్కకు వాల్చింది. తాడు పక్కన పెట్టమని, కాల్షియం సీసా నరంలోకి చాలా నెమ్మదిగా, గుండె మీద చెవి పెట్టి వింటూ ఎక్కించాను. తొందరపడితే ఆ మందే గుండెను ఆపుతుంది. సీసా సగం కాకముందే బర్రె ఒళ్లు వణికింది, పేడ వేసింది, తల ఎత్తింది. దూడ దానంతట అదే వచ్చింది. "మంత్రమేసినవా సారూ?" అన్నాడు తాడు పట్టుకున్న ముసలాయన. "కాదు, సున్నం" అన్నాను. నమ్మలేదు.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీకు నెత్తుట్లో చక్కెర, సున్నం, భాస్వరం అన్నీ కొలిచే యంత్రాలున్నాయి. మంచిదే, వాడుకోండి. చేయి లోపలికి పెట్టేముందు చెవులు ముట్టుకోండి, మేత ఏమిటని అడగండి, జవాబు చివరిదాకా వినండి. పుస్తకంలో మీరు చూసింది మాత్రమే రాయండి. పశువు నోరు విప్పదు. దాని తరఫున మాట్లాడే మనిషిని దబాయిస్తే ఇంక మీకు చెప్పేవాళ్లు ఉండరు.

కొన్నేళ్లకు నాకు మహబూబ్‌నగర్ జిల్లాకు బదిలీ అయింది. నా స్థానంలోకి వచ్చిన కుర్ర డాక్టరు చురుకైనవాడు. ఊళ్లు చూపిస్తూ యాదమ్మ దొడ్డికి తీసుకుపోయాను. లింగయ్య అప్పటికి ఆనకట్ట పని చాలించుకుని వచ్చేశాడు, మంద నలభై దాటింది. యాదమ్మ ఒక చూలు గొర్రె నోరు తెరిచి వాసన చూస్తోంది. అది ఆమెకు రోజూ పొద్దుటి పని అయిపోయింది. "ఇది జర తేడగున్నది సారూ" అంది.

కుర్ర డాక్టరు వంగి తానూ వాసన చూశాడు. వెంటనే నిటారుగా లేచి, ముఖం ముడుచుకుని ఆమెను అడిగాడు.

"కల్లు పోసినవా?"

యాదమ్మ నా దిక్కు చూసింది. నేను ఆకాశం దిక్కు చూశాను. ఆమె నవ్వు ఆపుకుంటూ నులక మంచం వాల్చి, కొంగుతో దులిపింది.

"కూసోన్రి సారూ" అంది ఆయనతో. "పొద్దుమూకే దాక కూసోన్రి."